పీతల దగ్గర బడి స్తంభం

1వ రోజు

ఇందుమూలంగా ఉప్పుగట్టు వార్డు ప్రజలకీ, పల్లంలోని పీతలకీ, నగరపాలిక వారి కిటికీకీ తెలియజేయడమైనది ఏమనగా: బడి గంట కొట్టు ఉద్యోగిని అయిన వంజరాపు దాలమ్మ, అనగా నేను, ఎడమ చెప్పు తెగిన కారణంగా నేటి నుంచి దానిని పిన్నీసుతో కలిపి వాడుదును. దీనిపై ఎవరూ నవ్వరాదు. నా తమలపాకుల డబ్బా ముట్టరాదు. గంట కొట్టే సుత్తిని కొబ్బరికాయల కోసం అరువడగరాదు. ఈ కలం కూడా ఎవరికీ ఇవ్వబడదు, ఉన్నది ఒక్కటే గనుక.

ప్రకటన అయిపోయింది. అర్జీ పుస్తకం మొదటి పేజీలో ఏం రాయాలో ఎవరూ చెప్పలేదు, నాకు తోచింది రాశాను.

పొద్దున వార్డు ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్ళాను. కిటికీ వెనక మనిషి కూర్చునే రోజులు మా అమ్మ కాలంలోనే పోయాయి. ఇప్పుడు గొంతు ఒక్కటే ఉంటుంది, పెళ్ళిచూపుల్లో కూర్చోబెట్టిన పిల్ల గొంతులాగ.

"బడి కాడ నెమ్మది స్తంభం మార్పించాల తల్లీ" అన్నాను.

"ఉప్పుగట్టు బడి వద్ద నెమ్మది స్తంభం ఉన్నది. సక్రమంగా పనిచేస్తున్నది" అంది కిటికీ.

"స్తంభం పనిచేత్తంది. బడే అక్కడ లేదు."

"బడి అక్కడే ఉన్నది."

"నాను బడి కాడి నుంచే వత్తన్నాను."

"మీ ఆవేదన మాకు విలువైనది."

సంగతి ఇది. మాది చెక్క గోడల బడి. ఏటా వానలకి ముందు పల్లంలో నీళ్ళెక్కుతాయని, వార్డంతా కలిసి ఒక్క రోజులో బడిని విప్పి, గట్టు రోడ్డు దాటించి మిట్టకి మోస్తాం. దీన్ని బడిమోత అంటాం. ఎవరి వాటా వారిది. తూర్పు గోడ కొర్లయ్య వాళ్ళది, నల్లబల్ల సూరీడు వాళ్ళది, గంట మా ఇంటిది. పక్కింటి నూకరత్నం వాళ్ళ వాటా రెండు కిటికీ రెక్కలు. తేలికపాటి వాటా అని అందరికీ దాని మీద ఏడుపే. వానలు వెళ్ళాక మళ్ళీ పల్లానికి తెచ్చుకునేవాళ్ళం.

పోయినేడు సముద్రం పల్లంలోనే కాపురం పెట్టేసింది. బడి మిట్ట మీదే ఉండిపోయింది. నీళ్ళకుండ పెట్టే ముక్కాలిపీట కూడా మోసుకొచ్చాం గానీ నెమ్మది స్తంభం మాత్రం తేలేదు. అది ఏ ఇంటి వాటాలోనూ లేదు. ముట్టుకుంటే కేసని నగరం వాళ్ళు దాని మీదే రాశారు.

ఇప్పుడు మా ఇళ్ళు గట్టుకి ఇటు, బడి అటు. మధ్యలో గట్టు రోడ్డు. ఒకప్పుడు వానాకాలంలో దాని మీద బండ్లు తిరిగేవి కావు. ఇప్పుడు గట్టు ఎత్తు పెంచారు, ఏడాది పొడుగునా రేవు నుంచి సరుకు బండ్లు తొంభై వేగంతో వస్తాయి. నడిపేవాడు లేడు. తిడదామన్నా లోపల మనిషి లేడు. అవి స్తంభం చెప్పిన మాట ఒక్కటే వింటాయి. అందుకని అర కిలోమీటరు అవతల, పాత పల్లం దగ్గర, బురదలో పీతలు తిరిగే చోట బండ్లన్నీ ఇరవైకి తగ్గి అత్తవారింటికొచ్చిన కొత్త కోడలిలా నడుస్తాయి. పీతలు దాటాక మళ్ళీ తొంభై. వంపు తిరిగితే మా పిల్లలు.

సమీక్ష కావాలంటే ఇరవై రోజులు చేత్తో పుస్తకం రాసి ఇవ్వాలట. యంత్రాలు రాసిన అర్జీలు కోట్ల లెక్కన వచ్చి ఆఫీసు మూతపడిందట, అందుకని మనిషి చేతిరాత తప్ప ఒప్పుకోరట. నేను ఏడో తరగతి రెండుసార్లు చదివాను. రెండుసార్లు చదివినదాన్ని కాబట్టి రాయగలను.

2వ రోజు

పొద్దున గంట. తర్వాత తాడు.

తాడంటే ముప్ఫై మూరల కొబ్బరి తాడు. మూరకో రేకు మూత కట్టి ఉంటుంది. రెండు వెదురు గడలకి కట్టి రోడ్డుకి అడ్డంగా ఎత్తితే, వంపు అవతలి నుంచే బండికి మూతల మెరుపు కనపడి, ఏదో గేటు అనుకుని ఆగుతుంది. పిల్లల్ని చూసి మాత్రం ఆగదు. ఆగాలనుకున్నా, వంపు తిరిగాక పిల్లలు కనపడే దూరంలో ఆ వేగాన్ని ఆపుకోలేదు.

నలభై ఒక్కమంది దాటారు. ఆఖరున నూకరత్నం కూతురు హైమ. ఆరేళ్ళ పిల్ల. ఆకాశంలో ఏముందో గానీ రోడ్డు మధ్యకి రాగానే తల పైకెత్తి నిలబడిపోతుంది.

"నడవ్వే, పెళ్ళివారు వత్తన్నారు" అన్నాను.

"ఎవలికి పెళ్ళి, గంట మామ్మా?"

"నాకే. నడు."

3వ రోజు

స్తంభాన్ని ఎవరో పీకి, తోపుడు బండి మీద తెచ్చి, బడి దగ్గర పాతారు. ఆ ఎవరో నేనే. ఈ పుస్తకం ఎవరూ చదవరని నాకు నమ్మకం, అందుకే రాస్తున్నాను. చదివితే వచ్చి పట్టుకోండి. ఆ రకంగానైనా ఒక మనిషి ఇటు వస్తాడు.

నడుం పట్టేసింది. ఫలితం సున్న. ఎక్కడ పాతినా స్తంభం పాత చోటు పేరే చెబుతుందట. బండ్లు పీతల దగ్గర ఎప్పటిలాగే వినయంగా తగ్గి, మా దగ్గర ఎప్పటిలాగే ఎగిరాయి. సాయంత్రం ఒక యంత్రం వచ్చి, స్తంభాన్ని పీకి, తడిగుడ్డతో తుడిచి తీసుకుపోయింది. పోతూ నాకు నమస్కారం పెట్టింది. ఆ నమస్కారానికి ఒళ్ళు మండిపోయింది.

6వ రోజు

మళ్ళీ కిటికీ.

"సమీక్ష జరపాలంటే ఆ స్థలంలో మూడు ప్రమాదాలు నమోదై ఉండాలి. లేదా ఒక అధికారి స్వయంగా ఒక్క ప్రమాదమైనా చూసి ఉండాలి. మీ స్థలంలో ప్రమాదాల సంఖ్య సున్నా. అభినందనలు."

"సున్నా ఎందుకో తెలుసా తల్లీ? పదకొండు నెలల్నుంచి నాను తాడు పట్టుకుంటన్నాను కాబట్టి."

"మీ సేవకు కృతజ్ఞతలు. సున్నా ఉన్నంతకాలం సమీక్ష అవసరం రాదు."

"అయితే ముగ్గురు పిల్లలు పోవాలా?"

"గాయాలను కూడా పరిగణిస్తాము."

నోట్లో తమలపాకు ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే నేనన్న మాటకి ఆ గాజు పగిలేది.

"పోనీ ఒక ఆఫీసర్ని పంపు. వచ్చి సూసుకుంటాడు."

"ప్రమాదం నమోదైన స్థలాలకు మాత్రమే అధికారులు వెళతారు."

నా వెనక వరసలో ఉన్న ముసలాయన మెల్లగా, "జరుగమ్మా, నాది ఆరేళ్ళ నుంచీ ఇదే" అన్నాడు. ఆయన అర్జీ దేని గురించో అడిగే ఓపిక నాకు లేకపోయింది.

9వ రోజు

ఇవాళ రాత బాగోదు.

అందరూ దాటేశారు. తాడు దించేశాను. గడలు చుట్టుకుంటున్నాను. హైమ పలక సంచి రోడ్డు మీద జారిపోయిందని వెనక్కి పరుగెత్తింది. నేను చూసేసరికి అది రోడ్డు మధ్యలో వంగి ఉంది, వంపులో బండి చప్పుడు. ఎలా దూకానో తెలియదు. దాని జడ చేతికి దొరికింది. జడ పట్టి లాగాను. ఇద్దరం గట్టు వాలులో పడ్డాం. సంచిని బండి పట్టుకుపోయింది. ఆగలేదు.

హైమ ముందు సంచి పోయిన వైపు చూసింది. తర్వాత, "గంట మామ్మా, నా జడ లాగీసినావు" అని ఏడ్చింది.

మధ్యాహ్నం కిటికీకి చెప్పాను. బండి జ్ఞాపకం వెతికి చెప్పింది: ఏమీ లేదట. మనిషిని తాకితేనే బండికి గుర్తుంటుందట. తాకకుండా వదిలేసినవి జరగనట్టే. సంచి గుడ్డది కాబట్టి అదీ లెక్కలోకి రాలేదు.

"కొత్త సంచికి దరఖాస్తు నాలుగో కిటికీ" అంది.

10వ రోజు

నోటీసు వచ్చింది. నా అర్జీల్లో తాడు మాట విన్నారట. అనుమతి లేకుండా రహదారికి అడ్డంకి కట్టినందుకు పద్దెనిమిదో తేదీ మధ్యాహ్నం తాడును స్వాధీనం చేసుకుంటారట.

ఇవాళ తేదీ పది. నేను ఒకటో తేదీన మొదలుపెట్టడం వల్ల ఈ పుస్తకంలో రోజు అంకె, తేదీ అంకె ఒకటే, అందుకని లెక్క తేలిగ్గానే తెలిసింది. ఎనిమిది రోజులు.

హెడ్ పంతులమ్మ సుభాషిణి గారు నోటీసు రెండుసార్లు చదివారు. "దాలమ్మా, తాడు లేకపోతే ఎలా?" అన్నారు.

"మీరే సెప్పాలమ్మా. నాను ఏడో తరగతి."

"నేను రాసిన ఉత్తరాలు పద్నాలుగు. అన్నీ యంత్రం మీద రాశాను. ఒక్కటీ తీసుకోలేదు" అని కళ్ళజోడు తుడుచుకున్నారు.

12వ రోజు

మూడు ప్రమాదాలు కావాలన్నారు. ఇచ్చాను.

బడిలో మూటగట్టి ఉన్న పాత యూనిఫారాలు మూడు అడిగి తెచ్చి, ఎండుగడ్డి కుక్కి, కుండలు తలలుగా పెట్టి, బొట్టుబిళ్ళలు అంటించి ముగ్గురు పిల్లల్ని తయారు చేశాను. ఒకడికి మీసం కూడా పెట్టాను, ఫెయిలైన వాడని. బడి వేళకి గంట ముందే రోడ్డు మధ్య వరసగా నిలబెట్టాను. దూరం నుంచి చూస్తే నాకే చేరదీయాలనిపించింది.

అనుకోకుండా ఆ వేళకే నలుగురైదుగురు తల్లులు చేపల బుట్టలతో వచ్చారు. నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టారు. అంతలో వంపులోంచి బండి వచ్చింది.

నవ్వు ఆగిపోయింది.

గడ్డి చాలాసేపు గాల్లో తేలింది. ఒక చొక్కా చెయ్యి వచ్చి గట్టు వాలులో పడింది. నూకరత్నం వెళ్ళి తీసింది. మోచేతి దగ్గర పచ్చదారంతో వేసిన మాసిక. తను వేసిందే. ఆ చొక్కా హైమదని నేను చూసుకోలేదు.

"నా గుంట బట్టలేసి సంపుతావేటి, దాలప్పా?" అంది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"రత్నం, నాను ఆ కిటికీకి సూపిద్దారని..."

"నాకు సూపించీసినావు" అని ఆ చొక్కా చెయ్యి మడిచి కొంగులో పెట్టుకుని వెళ్ళిపోయింది.

13వ రోజు

ప్రమాదాలు నమోదు కాలేదు. రహదారిపై వ్యర్థాలు, మూడు, అని నమోదైంది. శిక్షగా నన్ను వార్డు ఆఫీసులో కూర్చోబెట్టి మూడు గంటలు శుభ్రత పాఠం వినిపించారు. చెత్త రెండు రకాలు అని నలభైసార్లు చెప్పింది ఆ గొంతు. అందులో నేనెందులోకి వస్తానో అడిగాను. ప్రశ్నలు చివర్లో అంది. చివర్లో ఆగిపోయింది.

15వ రోజు

నూకరత్నం హైమని బడి మాన్పించింది. దాన్ని చూసి ఇంకో పన్నెండు మంది మానేశారు. ఇవాళ తాడు మీద ఇరవై ఎనిమిది మంది.

సాయంత్రం వాళ్ళ గుమ్మం దగ్గరికి వెళ్ళాను. హైమ మెట్ల మీద కూర్చుని బొగ్గుతో నేల మీద అక్షరాలు రాస్తోంది. 'క' తలకట్టు లేకుండా రాస్తోంది. దిద్దుదామని వంగాను.

"లోపలికి రావే" అని పిలిచింది నూకరత్నం, పిల్లని. నన్ను కాదు.

"ఎన్నాళ్ళు దాస్తావు?" అన్నాను.

"బతికున్నన్నాళ్ళు. నీ తాడు పోయాక నువ్వేటి పట్టుకుంటావు, గాలా?"

వచ్చిన దారినే తిరిగాను. నోరున్న దానినని వార్డంతా చెప్పుకుంటారు నా గురించి. ఇంటికొచ్చి అన్నం కూడా వండుకోలేదు.

17వ రోజు

రేపు తాడు పట్టుకుపోతారు. కిటికీకి వెళ్ళి ఆఖరిసారి అడిగాను, ఎవరు వస్తారని. పౌరుల చేతిలోని వస్తువును యంత్రం లాక్కోకూడదని చట్టం ఉందట, అందుకని మనిషినే పంపుతారట. అధికారి.

"అధికారా?" అన్నాను.

"అవును. రహదారుల విభాగం పరిశీలకులు బెహరా త్రినాథ్ గారు."

ఇన్నాళ్ళూ పిల్లల కోసం రమ్మంటే రాని మనిషి కొబ్బరి తాడు కోసం వస్తున్నాడు. దారిలో రెండుసార్లు ఆగి నాలో నేను తిట్టుకున్నాను. మూడోసారి ఆగినప్పుడు తిట్టలేదు, ఆలోచించాను.

18వ రోజు

వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. తెల్ల బూట్లు. ఇంతకాలం ఏసీ గదిలో ఉండి ఎండ మర్చిపోయిన మొహం. తాడు పోతుందని చూడ్డానికి తల్లులు, తండ్రులు, బడి పిల్లలు గట్టుకి రెండువైపులా చేరారు. నూకరత్నం కూడా వచ్చింది, హైమ చెయ్యి గట్టిగా పట్టుకుని, నాకు దూరంగా.

"దాలమ్మ గారంటే మీరేనా?" అన్నాడు.

"తాడు లాక్కోడానికొచ్చినోరు గారు అనకండి బాబూ, సిగ్గేత్తది."

"నాకేం కోపం లేదమ్మా. ఉత్తర్వు."

"నా పుస్తకం సదివినారా? సగం ఇచ్చీసినాను."

"చదివే విభాగం వేరు."

"మరి ఆళ్ళు సదివినారా?"

అతను కొంచెం ఇబ్బంది పడ్డాడు. "వాళ్ళు బరువు చూస్తారమ్మా. వంద గ్రాములు తగ్గకూడదు."

పోనీలే, పెద్ద అక్షరాలు రాయడం మంచిదైంది.

తాడంతా చుట్టి చంకకి తగిలించుకుని, కొస నడుముకి ముడివేసుకున్నాడు, జారిపోకుండా. రెండో కొస నా చేతిలోనే ఉంది. ఈ ఆఖరి మూత మా అమ్మ నెయ్యి డబ్బాది, విప్పుకుంటానని అడిగాను. సరే అన్నాడు. మంచివాడే.

"ఈలోగా బాబూ, ఒక్కసారి రోడ్డు మధ్యకెల్లి నిలబడి సూడండి. ఆరేళ్ళ గుంటకి ఎంత దూరం కనబడతాదో. కావాలంటే వంగి సూడండి."

పాపం, వెళ్ళాడు. వంగాడు కూడా. వంపు వైపు వీపు ఉంది.

అప్పుడు వచ్చింది బండి. వంపులోంచి, తొంభై మీద. "బండి బాబూ" అని అరిచి, ఉన్న బలమంతా పెట్టి తాడు లాగాను. మనిషి రెండు పల్టీలు కొట్టి గట్టు వాలులో బురదలో పడ్డాడు. జానెడు దూరంలో దాటిపోయింది. ఒక బూటు రోడ్డు మధ్యలో ఉండిపోయింది.

లేచి కూర్చున్నాడు. మూతి నిండా బురద. చాలాసేపు వంపు వైపే చూశాడు. 

"నీలం బండి కదా?" అన్నాడు చివరికి.

తల్లులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అప్పుడు నూకరత్నం ముందుకొచ్చింది.

"నీలవే బాబూ. నాను సూసినాను" అంది.

"నానూ సూసినాను" అన్నాడు కొర్లయ్య.

"నాకు పిల్లలున్నారమ్మా, ఇద్దరు" అన్నాడు త్రినాథ్, ఎవరూ అడక్కుండానే. మణికట్టు మీది యంత్రం దగ్గరికి నోరు పెట్టి, అక్కడే బురదలో కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు: అధికారి స్వయంగా చూసిన ప్రమాదం, ఒకటి. స్థలం, ఉప్పుగట్టు వంపు. తక్షణ సమీక్ష.  నేను వెళ్ళి బూటు తెచ్చి ఇచ్చాను.

19వ రోజు

పొద్దున్నే యంత్రం వచ్చి వంపుకి ఇటొకటి, అటొకటి, రెండు కొత్త స్తంభాలు పాతింది. పదకొండు నెలల పని, గంటన్నరలో అయింది. పని అయ్యాక నమస్కారం పెట్టింది. ఈసారి నేను తిరిగి పెట్టలేదు. ఇంకా కోపం తగ్గలేదు నాకు.

20వ రోజు

తాడు లేదు. దాన్ని సాక్ష్యం కింద సీలు వేసి పట్టుకుపోయారు. చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నడుం మీద పెట్టుకుని నిలబడ్డాను.

బండ్లు వంపు తిరిగి ఇరవై మీద వచ్చి ఆగాయి. నలభై ఒక్కమందీ దాటారు. హైమ ఎప్పటిలాగే రోడ్డు మధ్యలో నిలబడి ఆకాశం చూసింది. దాని ముందు ఇల్లంత బండి, కదలకుండా, చూసుకోనిచ్చింది.

నూకరత్నం నా పక్కకి వచ్చి నిలబడింది. నా పిన్నీసు వైపు చూసి, "చెప్పుకి కొత్త వారు ఏయించుకోవచ్చు కదా, దాలప్పా" అంది.

పుస్తకం ముగిసింది. మిగతా సగం పేజీలు ఇవాళ కిటికీలో వేశాను. తూకానికి నూట పది గ్రాములు వచ్చింది.

అట్ట లోపలి వైపు

ఈ అట్ట వాళ్ళకి అక్కర్లేదని తిరిగి ఇచ్చేశారు. దీని మీద చోటుంది, కలంలో సిరా ఉంది.

హైమ జడ నిజం. గడ్డి పిల్లలు నిజం. కిటికీ అన్న ప్రతి మాటా అక్షరం పొల్లుపోకుండా నిజం. పద్దెనిమిదో రోజు రాసిన దాంట్లో మాత్రం ఒక్కటి నా సొంతం. నీలం రంగు నాది కాదు, అది త్రినాథ్ గారిది. ఆయన నిజంగానే చూశాననుకుంటున్నాడు, అనుకోనివ్వండి. తాకని మనిషిని బండ్లు గుర్తుపెట్టుకోవు కాబట్టి ఎవరూ వెతికి పట్టుకోలేరు. నూకరత్నానికి తెలుసు, కొర్లయ్యకి తెలుసు, గట్టు మీద నిలబడ్డ పిల్లలందరికీ తెలుసు.

రేవులో సరుకు దింపే వేళ అది. ఆ మిట్టమధ్యాహ్నం గట్టు మీద అసలు బండే లేదు.